పాట కోసం వచ్చిన పరలోకంవాళ్లు

గ్రహాంతరవాసులు భూమి మీదికి దిగారంటే దేనికోసం అనుకుంటారు? బంగారానికా, మా బొగ్గుకా? సంగీతానికండీ! 1963లో వచ్చిన తమిళ చిత్రం 'కలై అరసి' కథ అదే. గగారిన్ అంతరిక్షానికి వెళ్లొచ్చి అప్పటికి రెండేళ్లే. హీరో ఎం.జి.ఆర్. వాళ్లెత్తుకుపోయిన గాయని మన భానుమతిగారు.

ఊహ భేషుగ్గానే ఉంది. కానీ అంత దూరం పోయినా అక్కడ కనిపించేది మనకు తెలిసిన జానపద దర్బారే. రాజకుమారి, విదూషకుడు, కత్తియుద్ధం! టోపీకి లైటు, నడుముకి బ్యాటరీతో బొగ్గుబాయిలోంచి పైకొచ్చే మా గోదావరిఖని కార్మికుడే అంతకన్నా వేరే లోకపువాడిలా ఉంటాడు.

సరే, డబ్బు పోస్తే సెట్టు మారుతుంది. అసలు లోపం డబ్బుతో తీరేది కాదు. పాట కోసం ఆకాశం దాటి వచ్చినవాళ్లు, పాడే మనిషిని "వస్తావా అమ్మా?" అని ఒక్కమాట అడగలేదు. ఆమె విద్య కావాలి, ఆమె ఇష్టం మాత్రం అక్కర్లేదు! విడిపించడానికి మళ్లీ హీరోగారే వెళ్లాలి.

పదేళ్ల ముందే, 1953లో, 'చండీరాణి'ని మూడు భాషల్లో తానే డైరెక్టు చేసిన మనిషి భానుమతిగారు. ఈ కథ ఆవిడ చేతికే ఇచ్చి ఉంటేనా, ఆ లోకంవాళ్లు ముందు తలుపు తట్టి ఉండేవారు.