నీటి మీద మిగిలిన విజయపురి

సాగర్ కుడి కాలువ నీళ్ళతో పండిన అన్నం తిని పెరిగిన వాళ్ళం మనం. ఆ నీళ్ళ అడుగున ఒక రాజధాని ఉందని సాంఘిక శాస్త్రంలో నాలుగు వాక్యాల్లో చదివి, పరీక్ష రాసి మరిచిపోయాం. పోయిన శీతాకాలంలో మా బ్యాచ్ మిత్రులం సాంఘికం మాస్టారిని వెంటబెట్టుకుని నాగార్జునకొండ చూసి వచ్చాం. ఆ నాలుగు వాక్యాల వెనక ఉన్నదేమిటో అక్కడ తెలిసింది.

శాతవాహనుల తరువాత, క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకులు ఇక్కడి లోయలో విజయపురి రాజధానిగా పాలించారు. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు కృష్ణ. శాసనాల్లో ఈ చోటు పేరు శ్రీపర్వతం. రాజు చాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన చెల్లెలు చాంతిసిరి బౌద్ధ మహాచైత్యానికి దానాలిచ్చింది. బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా పేర్లు కూడా ఉన్నాయి.

1926లో రంగస్వామి సరస్వతి ఈ శిథిలాలను వెలుగులోకి తెచ్చారు. 1927 నుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. ఆనకట్ట ఖాయమయ్యాక 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. మధ్యలో, 1955 డిసెంబరు 10న, నెహ్రూ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. ఒకవైపు ఆనకట్ట లేస్తుంటే మరోవైపు ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొండ మీదా అనుపు దగ్గరా మళ్ళీ పేర్చారు. ఆ కొండే ఇప్పుడు మనం లాంచీలో వెళ్ళే దీవి.

ఇంజనీరుగా నన్ను నిలబెట్టేసింది మహాచైత్యం. పునాది బండిచక్రంలా ఉంటుంది: మధ్యలో ఇరుసు, చుట్టూ ఆకుల్లా ఇటుక గోడలు, వాటి మధ్య మట్టి నింపుడు. ఇటుక ఆదా, బలమూ దక్కింది. మ్యూజియంలో మునిగిన లోయ నమూనా చూపిస్తూ, "మీ లాంచీ వచ్చింది ఈ ఊళ్ళ మీదుగానే" అన్నాడు గైడు. అందరం కాసేపు మాట్లాడలేదు.

"ఏమోయ్ ఇంజనీరూ, నువ్వయితే ఆనకట్ట కట్టేవాడివా?" అని అడిగారు మాస్టారు.

"కట్టేవాణ్ణే మాస్టారూ. ముందు తవ్వించి, మోయగలిగినంత మోయించి కట్టేవాణ్ణి."

"చేసిందీ అదే కదా. మరి లోయలో బతికిన వాళ్ళ ఇళ్ళో? వాటినెవరు మోశారు?"

నా దగ్గర జవాబు లేదు. మన పొలాలు పచ్చబడ్డాయి. దానికోసం ఒక నగరమూ, కొన్ని పల్లెలూ నీళ్ళపాలయ్యాయి. లాభమెంతో మనకు తెలుసు. ఖర్చు కూడా తెలిసి ఉండాలి.

అందుకే ఈ స్వర్ణోత్సవ వేళ సంఘానికి నాదొక మనవి. ఏటా మన బడి తొమ్మిదో తరగతి పిల్లలను ఒక రోజు నాగార్జునకొండకు తీసుకెళదాం. బస్సు ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. వెంట రావడానికి మాస్టారు అప్పుడే ఒప్పుకున్నారు.