కథకుడి గొంతు ఎందుకు సాగింది? 44,100 – 48,000 కథ



మన భివండిలో పద్మనగర్, కామత్‌ఘర్ ఇళ్ల అటకల మీదున్న పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని కొన్నాళ్లుగా నడుస్తోంది. వాటిలో మనకు అన్నిటికన్నా విలువైనవి కూనపులి వాళ్లు చెప్పిన మార్కండేయ పురాణం, భావనారుషి కథ. పటం చూపిస్తూ మన కులానికి కథ చెప్పేవాళ్లు ఇప్పుడు ఎంతమంది మిగిలారో మీకు తెలియనిది కాదు. అయితే ఈమధ్య మాకు అందిన కొన్ని ఫైళ్లలో కథకుడి గొంతు బరువుగా, సాగదీసినట్టు వినిపిస్తోంది. క్యాసెట్ చెడిపోయింది, పారేద్దాం అని కొందరు అంటున్నారు. దయచేసి తొందరపడకండి.

కంప్యూటర్ శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా దాచుకుంటుంది. సెకనుకు ఎన్ని ముక్కలు అన్నదే శాంపిల్ రేటు. అంగుళానికి ఎన్ని పేక పోగులు అని మనం లెక్క పెట్టుకుంటామే, అలాంటిదే. ఈ లెక్కలు లోకంలో రెండు బాగా వాడుకలో ఉన్నాయి: 44,100, 48,000. ఒకటే ఉంటే ఈ బాధే లేకపోవును!

44,100 అనే వింత అంకె టీవీ నుంచి వచ్చింది. 1970ల చివర్లో డిజిటల్ శబ్దాన్ని నింపుకునేంత పెద్ద డిస్కులు చవకగా దొరికేవి కావు. అందుకని వీడియో టేపు మీదే, బొమ్మ గీతల్లో శబ్దాన్ని దాచారు. జపాన్, అమెరికా పద్ధతిలో సెకనుకు 60 ఫీల్డులు, ఒక్కోదానిలో వాడుకోదగ్గ 245 గీతలు, గీతకు 3 ముక్కలు. గుణిస్తే 44,100. యూరప్ పద్ధతిలో 50, 294, 3. అదీ 44,100 అవుతుంది. మన దూరదర్శన్‌దీ ఈ 50 పద్ధతే. రెండు వైపులా సరిపోయిన ఆ అంకెనే 1982లో వచ్చిన సీడీ తీసుకుంది. 48,000 మాత్రం స్టూడియోల, వీడియోల దారిలో వచ్చింది. 1987 నాటి డాట్ టేపులోనూ అదే. ఇవాళ ఫోను తీసే వీడియోల్లో మామూలుగా ఉండేదీ అదే.

48,000తో ఎక్కించిన ఫైలును సాఫ్ట్‌వేర్ 44,100 అనుకుని ఆడిస్తే, అర్ధగంట కథ 32 నిమిషాల 39 సెకన్లకు సాగుతుంది, గొంతు కిందికి దిగుతుంది. తిరగేస్తే 27 నిమిషాల 34 సెకన్లలో ముగిసి, గొంతు సన్నబడుతుంది. కాబట్టి ముందు క్యాసెట్‌ను డెక్‌లో పెట్టి వినండి. డెక్‌లోనూ గొంతు బరువుగానే ఉంటే బెల్టు వదులైందేమో చూడాలి. డెక్‌లో బాగుండి, ఫైలు నిడివి మాత్రం ఈ లెక్క ప్రకారం పెరిగితే తప్పు కంప్యూటర్‌దే.

మనలో చాలామంది వాడే ఆడాసిటీ 2000 మే నెలలో విడుదలైంది, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది, ఉచితం. అందులో ట్రాక్ పేరు పక్క మెనూలో 'రేట్' అని ఉంటుంది. దాన్ని 48,000కి మార్చండి, గొంతు సరవుతుంది. 'రీశాంపుల్' మాత్రం నొక్కకండి, అది సాగిన గొంతును సాగినట్టే ఉంచి ముక్కల సంఖ్య మారుస్తుంది.

అసలు శబ్దమే రాకపోతే పైనున్న ఆడియో సెట్టింగుల్లో ప్లేబ్యాక్ పరికరం ఏదో చూడండి. బ్లూటూత్ ఇయర్‌ఫోను తీసేసినా సాఫ్ట్‌వేర్ ఇంకా దాన్నే వెతుకుతూ ఉండవచ్చు. అక్కడ కనిపించే 'ఎం.ఎం.ఇ.' అనే మాట 1991 నాటి విండోస్‌ది, ముప్పై ఏళ్లు దాటినా ఇంకా మనల్ని వదల్లేదు. మధ్యమధ్య శబ్దం తెగుతుంటే బఫర్ కాస్త పెంచండి.

ఇంకో మాట. కథ వెనక సాంచాల చప్పుడు వినిపిస్తే శుభ్రం చేద్దామని తీసేయకండి, అది మన ఊరి చప్పుడు. క్యాసెట్లు ఇచ్చేటప్పుడు ఎవరు చెప్పారో, ఏ ఇంట్లో ఏ శుభకార్యానికో ఒక చీటీ మీద రాసి డబ్బాలో పెట్టి ఇవ్వండి.