గుడారం ఎవరిది వారిదే, కుళాయి అందరిదీ

కరోనా మహమ్మారి కాలంలో మూసివేతలు ఒక్క ఉత్తర్వుతో జరిగిపోయాయి. తిరిగి తెరవడమే కష్టమైన పని అయింది. పదిమంది వాడుకునే వసతులున్న చోట అది మరీ కష్టం. ఇందుకు బ్రిటన్‌లోని గుడారాల విడిదుల చరిత్ర మంచి ఉదాహరణ. యాత్రలంటే ఆసక్తి గల మన సభ్యులకు పనికివస్తుందని వ్రాస్తున్నాను.

సెలవుల్లో ఊరి బయట గుడారం వేసుకుని గడపడం ఆ దేశస్థులకు పాత సరదా. థామస్ హైరమ్ హోల్డింగ్ అనే దర్జీ 1901లో, సైకిళ్లపై గుడారాలు తీసుకువెళ్లే కొద్దిమందితో ఒక సంఘం స్థాపించాడు. 1908లో ఈ విద్యపై పుస్తకం కూడా వ్రాశాడు. తరువాత మోటారు కార్లు, వాటి వెనుక లాక్కెళ్లే చక్రాల ఇళ్లు వచ్చాయి. విడిదులు చిన్నపాటి పేటలయ్యాయి. గుడారం ఎవరిది వారిదే. మరుగుదొడ్లు, స్నానాల గదులు, అంట్లు తోమే తొట్లు, మంచినీటి కుళాయిలు మాత్రం ఉమ్మడి. మన సత్రాల పద్ధతే అనుకోవచ్చు.

2020 మార్చిలో ఇవన్నీ మూతపడ్డాయి. వేసవిలో తెరవవలసి వచ్చినప్పుడు మూడు ప్రాంతాల ప్రభుత్వాలు మూడు దారులు పట్టాయి. ఇంగ్లండు జూలై 4న, ఉమ్మడి వసతులను శుభ్రంగా ఉంచాలనే షరతుతో అనుమతించింది. స్కాట్లండులో సొంత మరుగుదొడ్డి, వంటగది ఉన్న బసలు జూలై 3న, ఉమ్మడి వసతులున్నవి జూలై 15న తెరుచుకున్నాయి. వేల్స్‌లో మొదటి రకం జూలై 11న, రెండవ రకం జూలై 25న. అంటే గుడారానికి భయపడలేదు, కుళాయి దగ్గర చేరే జనానికి భయపడ్డారు.

మరుసటి సంవత్సరం మళ్లీ మూసి, ఇంగ్లండులో 2021 ఏప్రిల్ 12న విడిదులు తెరిచినప్పుడు నియమాలు మరింత స్పష్టమయ్యాయి. ఉమ్మడి స్నానాల గదిని ఒకే కుటుంబానికి కేటాయించడం, లేదా వేళలు నిర్ణయించి ఒకరి తరువాత మరొకరు వచ్చేలోగా శుభ్రం చేయడం అనే పద్ధతులు వచ్చాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మొదట్లో అందరి దృష్టీ తలుపు గడియలు, కుళాయి పిడులు తుడవడం మీదనే ఉండేది. 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, వస్తువులను తాకడం వలన వ్యాధి సోకే అవకాశం సాధారణంగా 10,000లో 1 కంటే తక్కువేనని తెలియజేసింది. అసలు ప్రమాదం గాలి ఆడని గదిలో పలువురు కలిసి పీల్చే గాలి. ఆరుబయట గుడారం క్షేమమైనది. కిటికీ మూసిన స్నానాల గదే అనుమానించదగినది. శుభ్రత అవసరమే, కానీ కిటికీ తెరవడం అంతకన్నా అవసరం.

మన దేశంలో 2020 జూన్‌లో దేవాలయాలు తెరిచినప్పుడు, 65 ఏళ్లు దాటినవారు ఇంటివద్దనే ఉండాలని కేంద్ర ఆరోగ్యశాఖ సూచించింది. ఆనాటి పరిస్థితిలో అది సబబే. మన వయసువారికే ముప్పు ఎక్కువ. అయితే వృద్ధులను రావద్దనడం సులభం, వచ్చినా క్షేమంగా ఉండేలా ఏర్పాటు చేయడమే శ్రమతో కూడిన పని. ముసలితనంలో తీర్థయాత్ర వాయిదా వేయడమంటే ఒక్కోసారి మానుకోవడమే కదా.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. వ్యాధి మాత్రం పోలేదు. మరొకటి రాదనీ చెప్పలేం. కనుక బృందాలుగా యాత్రలకు వెళ్లే సభ్యులు గది మాట్లాడుకునేటప్పుడు అద్దెతో పాటు మూడు ప్రశ్నలు అడగాలని నా మనవి. స్నానాల గది ఎందరికి? కిటికీ తెరుచుకుంటుందా? శుభ్రం చేసే మనిషి రోజుకు ఎన్నిసార్లు వస్తాడు? జవాబు సరిగా రాకపోతే మరో సత్రం చూసుకోవడం మేలు.