పాటకు శిక్ష పొందిన గరిమెళ్ల

పోర్టుబ్లెయరులో సెల్యులర్ జైలును చూచినప్పుడెల్ల, పాట వ్రాసినందుకు చెరసాల కేగిన గరిమెళ్ల సత్యనారాయణగారు జ్ఞప్తికి వత్తురు. ఆయన నీ దీవులకు పంపలేదు; కాని యిచటి తెలుగువారిలో ననేకులకు స్వస్థలమైన శ్రీకాకుళపు సీమయే ఆయనదియును. 1893లో నరసన్నపేట ప్రాంతమందలి గోనెపాడున జన్మించిరి. బి.ఏ. చదివి, గంజాం కలెక్టరు కచేరీలో గుమాస్తాగిరి చేసిరి. మనవంటి ఉద్యోగియే! పిమ్మట విజయనగరమున ఉపాధ్యాయులైరి.

1920లో సహాయ నిరాకరణమున కాంగ్రెసు పిలుపు నిచ్చినంతనే ఆ జీవనమును విడిచిరి. అప్పుడు పుట్టినదే 'మాకొద్దీ తెల్లదొరతనము'. పన్నులు, ఉప్పు, కల్లు, కోర్టులు, ఆకలి: పల్లెవాని బాధలన్నియు పల్లెవాని పలుకుబడిలోనే చెప్పిన పాట యది. అక్షరము రానివారును విని కంఠస్థము చేసిరి. దొరలకు భయము కలిగించినది కవిత్వము కాదు, ఆ వ్యాప్తియే యని నా తలంపు. తెలుగు రాని కలెక్టరొకడు ఆయనచే దానిని పాడించుకొని వినెనని చెప్పుదురు.

శిక్ష ఒక యేడాది. విడుదలయై మరల పాడిరి; ఈసారి రెండున్నర యేండ్లు. చెరలో నుండగా తండ్రి గతించిరి. క్షమాపణ వ్రాసియిచ్చిన విడుతుమనిరి, ఆయన వ్రాయలేదు.

తరువాత మదరాసున పత్రికలలో పనిచేసిరి. దేశము స్వతంత్రమైన ఐదేండ్లకు, 1952 డిసెంబరు 18న, ఆ నగరముననే కడు బీదతనమున కన్నుమూసిరి.