తెరపై జంతులోకం

జంతువుల నడవడికను చలనచిత్రంగా మలచడం కొత్త విద్య కాదు. 1934లోనే జూలియన్ హక్స్‌లీ గానెట్ అనే సముద్రపక్షుల సంసారాన్ని చిత్రించారు. దానికి ఆస్కార్ కూడా లభించింది. పక్షుల సైగలకు అర్థాన్ని ఏళ్ళ తరబడి వెదకి, సముద్రపు కాకులపై 1969లో చిత్రాన్ని రూపొందించిన టిన్‌బెర్గెన్, 1973లో లోరెంజ్, ఫ్రిష్‌లతో కలసి నోబెల్ బహుమతి పొందారు. 1979 నాటి 'లైఫ్ ఆన్ ఎర్త్'లో గొరిల్లాల నడుమ కూర్చుని ఆటెన్‌బరో మెల్లగా పలికిన ఘట్టాన్ని జనం ఈనాటికీ చూస్తున్నారు.

ఇవి పాతబడకపోవడానికి కారణం సాంకేతిక చమత్కారం కాదు, చూసినవారి ఓర్పు. మన కర్ణాటకకు చెందిన కృపాకర్, సేనానీలు రేచుకుక్కల గుంపును ఏళ్ళ పాటు వెన్నంటారు. ఆంగ్లేయుల కాలంలో తల తెచ్చినవారికి బహుమానమిచ్చి చంపించిన ప్రాణులవి! గుంపులోని పెద్దవి వేటాడి వచ్చి పిల్లలకు ఆహారం కక్కి పెట్టడం చూసినవారు వాటిని మళ్ళీ క్రూరజంతువులని ఎలా అనగలరు?

మన ముళబాగిలు ఉన్న ఈ కోలారు జిల్లాలోనే, హనుమనహళ్ళి గుహలో, ఒక గబ్బిలం జాతి ఉంది. శాస్త్రజ్ఞులు దానిని 1994లో ప్రత్యేక జాతిగా వర్ణించారు. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు వెదకగా, ఆ ఒక్క గుహలోనే, రెండు వందలకు లోపే కనిపించాయి. దానికి ముప్పు గ్రానైటు తవ్వకాల వల్ల. గబ్బిలమంటే మన పిల్లలు మొహం చిట్లిస్తారు, పెద్దలమూ అంతే. చీకటిలో తన కూత ప్రతిధ్వనిని విని దారి తెలుసుకొనే ఆ ప్రాణి దినచర్యను మా విద్యార్థులు తెరపై ఇంకా చూడవలసి ఉంది.