మూగపడిన ఫోనోగ్రాఫులు - వాటి విడిభాగాలు

యంత్రాలను కనిపెట్టినవారి పేర్లు చరిత్రలో నిలుస్తాయి. చెడిపోయిన యంత్రాలను బాగుచేసి నిలిపినవారి పేర్లు సాధారణంగా నిలవవు. ఫోనోగ్రాఫు విషయంలో ఈ రెండవ తరగతివారి పని మొదటివారి పనికి తీసిపోనిదని మా అభిప్రాయం. అందుకు కారణాలను ఈ ప్రసంగంలో వివరిస్తాము.

తామస్ ఆల్వా ఎడిసన్ 1877లో తగరపు రేకు చుట్టిన గొట్టం మీద మానవ కంఠాన్ని మొదటిసారి నిలిపి, తిరిగి పలికించాడు. తరువాత తగరం పోయి మైనపు గొట్టాలు వచ్చాయి. చేతితో తిప్పే పిడికి బదులు స్ప్రింగు మర వచ్చింది. 1898 నాటికి 'స్టాండర్డ్' అనే యంత్రం సామాన్య గృహస్థులకు కూడా అందుబాటులోకి వచ్చింది. అయితే బల్లపరుపు ప్లేట్ల ముందు గొట్టాలు నిలవలేకపోయాయి. చివరకు 1929లో ఎడిసన్ సంస్థ ఇంటివాడకపు ఫోనోగ్రాఫులను, రికార్డులను చేయడం మానుకున్నది. విడిభాగాలు కర్మాగారం నుంచి వచ్చే దారి క్రమంగా మూసుకుపోయింది.

ఈ యంత్రంలో ఒక్క పళ్ళ చక్రం లోపించినా ఏమవుతుందో గమనించండి. తొలినాటి రెండు నిమిషాల గొట్టంలో అంగుళానికి 100 గాళ్ళు. 1908లో వచ్చిన నాలుగు నిమిషాల 'అంబెరోల్' గొట్టంలో అంగుళానికి 200. రెండూ నిమిషానికి 160 చుట్లు తిరగవలసినవే. మొదటిది రెండు నిమిషాలలో 320 చుట్లు, రెండవది నాలుగు నిమిషాలలో 640 చుట్లు తిరుగుతుంది. రెండింటిలోనూ ముల్లు నడిచే దూరం మాత్రం 3.2 అంగుళాలే. అంటే రెండవ రకానికి ముల్లును సగం వేగంతో నడిపించే పళ్ళ చక్రాలు కావాలి. ఆ చక్రం పోయినప్పుడు, మిగిలిన చక్రాల పళ్ళు లెక్కపెట్టి, ఈ నిష్పత్తిని బట్టి పోయినదాని పళ్ళ సంఖ్యను పనివాడు రాబట్టుకోవచ్చు.

భాగం దొరకకపోవడం కంటె తప్పు భాగం దొరకడం ఎక్కువ ప్రమాదం. గాడిలో నడిచే నీలపు ముల్లు రెండు నిమిషాల గొట్టానికి ఒక పరిమాణం, నాలుగు నిమిషాల గొట్టానికి అంతకంటె సన్ననిది. ఎడిసన్ పరికరాలలో 'సి' రకం మొదటిదానికి, 'హెచ్' రకం రెండవదానికి ఏర్పడినవి. 'కె' రకంలో రెండు ముళ్ళూ ఉంటాయి. 1912లో సెల్యులాయిడుతో చేసిన నీలి అంబెరోల్ గొట్టాలు వచ్చాయి. వాటికోసం బరువైన వజ్రపు ముల్లు వచ్చింది. ఆ వజ్రాన్ని మైనం మీద పెడితే పాట వినబడడానికి మారు అరిగిపోతుంది. యంత్రం చెడితే మరల చేసుకోవచ్చు, గాడిలోని గొంతు చెడితే తిరిగి రాదు.

వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరు సంగతీ ఇటువంటిదే. పలుచని స్ప్రింగు రేకులకు బిగించిన చిన్న గుండ్లు వేగం హెచ్చినకొద్దీ బయటికి విచ్చుకొని, ఒక బిళ్ళను తోలుముక్కకు రాయించి వేగాన్ని ఆపుతాయి. రేకు విరిగినా, తోలు గట్టిపడినా యంత్రం దారి తప్పుతుంది. 160 చుట్లకు బదులు 150 తిరిగితే గాయకుని షడ్జం అర శ్రుతికి పైగా దిగిపోతుంది. అప్పుడు మనం వినేది ఆ గాయకుని కంఠమే అయినా, ఆయన పాడిన శ్రుతి కాదు.

ప్లేట్లు మ్రోగించే గ్రామఫోనులో సౌండ్ బాక్సు ముఖ్యం. దానిలోని ధ్వని పలకను చాలాకాలం అభ్రకంతో, అంటే మన పల్లెలలో కాకిబంగారం అని పిలిచే ఖనిజంతో, చేసేవారు. గూడూరు ప్రాంతం ఈ ఖనిజానికి పేరుపొందినది. పలక అంచుల చుట్టూ ఉండే రబ్బరు కాలక్రమాన రాయిలాగా బిగుసుకొని, ధ్వనిని గరగరలాడిస్తుంది. రబ్బరు మార్చడం సులువు. తుత్తునాగం మిశ్రలోహంతో పోతపోసిన భాగాలతోనే చిక్కు. ఆ లోహంలో సీసం వంటి కల్మషాలు కొద్దిగా చేరినా, తేమకు, వేడికి అది లోలోపల ఉబ్బి బీటలు వారుతుంది. విక్టర్ సంస్థ 1925లో తెచ్చిన ఆర్థోఫోనిక్ సౌండ్ బాక్సులు అనేకం ఈ విధంగానే పాడైపోయాయి.

అటువంటి భాగాన్ని ఇత్తడితో కొత్తగా పోయించుకోవచ్చు. పాతదానినే ఇసుకలో అద్ది అచ్చు తీస్తే చాలుననుకోవడం పొరపాటు. కరిగిన ఇత్తడి చల్లారేటప్పుడు నూటికి సుమారు ఒకటిన్నర పాలు కుంచించుకుపోతుంది. 40 మిల్లీమీటర్ల భాగం అర మిల్లీమీటరుకు పైగా తగ్గి, ఉండవలసిన చోట కుదరదు. కనుక నమూనాను ఆ మేరకు పెద్దదిగా చేసుకొని, పోతపోసిన తరువాత లేతు మీద తరిమి, ఆకురాయితో సరిచేయాలి. ఇప్పుడు కొలతలను కంప్యూటరుకిచ్చి, పొరమీద పొరగా వస్తువును తయారుచేసే త్రీడీ ముద్రణ యంత్రాలు వచ్చాయి. అయినా కొలత తప్పితే వాటి పనీ తప్పుతుంది.

కొందరు ఒక యంత్రాన్ని బ్రతికించడానికి మరొక యంత్రాన్ని విప్పుతారు. పూర్తిగా శిథిలమైనదానిని విప్పడం సబబే. బాగుపడగలదానిని విప్పితే ఒకటి నిలిచి ఒకటి పోయినట్లే. కొత్తగా చేసిన భాగం మీద కనబడని చోట ఒక గుర్తు పెట్టడం మంచి ఆచారం. రేపు పరిశీలించేవారికి ఏది పాతదో, ఏది మన కాలపుదో తెలియాలి.

ముల్లు తగలకుండా కాంతితోనే గాళ్ళను చదివే పద్ధతిని ఈ శతాబ్దం తొలి దశకంలో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కార్ల్ హేబర్ మొదలైనవారు రూపొందించారు. ఇక పాత యంత్రం దేనికని కొందరు అడుగవచ్చు. విరిగిన గొట్టాలకు ఆ పద్ధతి వరప్రసాదమే. అయితే ఆనాటివారు ఏ కొమ్ము గుండా, ఏ ధ్వనితో పాటను విన్నారో తెలియాలంటే ఆనాటి యంత్రమే పలకాలి.

కనుక ఇంటి అటక మీద పెద్దలనాటి గ్రామఫోను ఉన్న శ్రోతలకు మా మనవి ఒక్కటే. కీ బలవంతంగా తిప్పకండి. పెట్టెలో రాలిపడిన మరమేకును, విరిగిన ముక్కను కూడా చిన్న సంచిలో వేసి యంత్రంతోపాటే భద్రపరచండి. విరిగిన ముక్క పనికిరానిదిగా కనిపించినా, కొత్తదానికి కావలసిన కొలత దానిలోనే ఉంటుంది.