అడ్వాన్సు తీసుకుంటే అమ్ముడుపోయినట్టా?

1872 నాటి కాంట్రాక్టు చట్టం చదివే విద్యార్థికి సెక్షన్ 25లో ఒక గుర్రం ఎదురవుతుంది. 1,000 రూపాయల గుర్రాన్ని 10 రూపాయలకు అమ్మడానికి 'ఎ' ఒప్పుకున్నాడు. ఇష్టపడే ఒప్పుకుంటే ఆ ఒప్పందం చెల్లుతుంది. ఇష్టపడి ఒప్పుకోలేదని 'ఎ' అంటే మాత్రం, ధర అంత తక్కువగా ఉండటాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడ మనం కాసేపు ఆగాలి. గుర్రం బదులు ఏడాది చాకిరీ పెట్టి చూడండి.

ఇటుక బట్టీకి వచ్చిన కుటుంబం మేస్త్రీ చేతుల మీదుగా అడ్వాన్సు తీసుకుంటుంది. మధ్యలో వెళ్లిపోతామంటే, "ఒప్పుకునే కదా వచ్చారు, బాకీ కట్టి కదలండి" అంటాడు యజమాని. చదువుకున్నవాళ్లలో కూడా ఇది న్యాయమే అనుకునేవాళ్లున్నారు. అప్పు అప్పే కదా!

బ్రిటిష్ పాలకులూ అలాగే అనుకున్నారు. అడ్వాన్సు తీసుకుని పని మానేసిన కూలీని జైలుకు పంపే అధికారం 1859లో చేసిన ఒక చట్టం మేజిస్ట్రేట్‌కు ఇచ్చింది. దాన్ని 1925లో గానీ రద్దు చేయలేదు. ఇప్పుడు మామూలు ఒప్పందం తప్పినవాడి మీద నష్టపరిహారం దావా వేయొచ్చు. మనిషిని లాక్కొచ్చి పని చేయించమని మాత్రం సివిల్ కోర్టు చెప్పదు.

వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1976 ఇంకా ముందుకు వెళ్లింది. అడ్వాన్సు తీసుకున్నంత మాత్రాన వెట్టి కాదు. అప్పు కారణంగా కూలి లేకుండా లేదా కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయాల్సి వచ్చినా, ఇంకోచోట పనికి వెళ్లే స్వేచ్ఛ పోయినా అది వెట్టి. ఒక కులంలో పుట్టిన కారణంగా చేయాల్సి వచ్చే చాకిరీని కూడా నిర్వచనంలోనే చేర్చారు. మన పాఠ్యపుస్తకాలు కులం పేరెత్తకుండానే సమ్మతి గురించి పేజీలు నింపుతాయి. ఈ చట్టం ఎత్తింది. అలాంటి ఒప్పందం చెల్లదు, అప్పు తీర్చే బాధ్యత రద్దవుతుంది. రద్దయిన బాకీని వసూలు చేసుకున్నవాడికి 3 ఏళ్ల వరకు జైలు. అది వెట్టి అప్పు కాదని నిరూపించాల్సిన భారం సెక్షన్ 15 ప్రకారం అప్పిచ్చినవాడిదే. కలెక్టర్‌కు ఇచ్చే అర్జీలో ఈ సెక్షన్ తప్పకుండా రాయండి.

"ఎవరూ కొట్టలేదు, కట్టేయలేదు కదా" అనే వాదనకు సుప్రీంకోర్టు 1982లోనే జవాబిచ్చింది. ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో, ఆకలీ పేదరికమూ వేరే దారి లేకుండా చేసి కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయిస్తే, అది కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని చెప్పింది.

ఇదే 'ఒప్పుకున్నాడు' అన్న మాట మ్యాన్‌హోల్ దగ్గరా వినిపిస్తుంది. రక్షణ లేకుండా మనిషిని మురుగు కాలువలోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. చట్టం వద్దన్న పనికి కూలీ ఊ అన్నా ఆ ఒప్పందం చెల్లదు. చనిపోతే కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పి, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. కాంట్రాక్టరు కొంత నగదు చేతిలో పెట్టి రాజీ కాగితం ముందుకు తోస్తే, సంతకం పెట్టకముందే ఆ ఇంటివాళ్లకు ఈ అంకె చెప్పండి.